వాలు మీద ఇల్లు, కింద నీరు: పెరటి సంరక్షణ పాఠం

ఈ సంచికలో పాఠం పెరటి గురించి. బార్న్ హిల్ వాలు మీద, ఫ్రయెంట్ కంట్రీ పార్క్ అంచున, వెల్ష్ హార్ప్ చెరువుకు దగ్గరలో మన సభ్యుల ఇళ్లు చాలా ఉన్నాయి. పచ్చిక పాడవుతోందనీ, ఓక్ చెట్టుకు పురుగు పట్టిందనీ, ఎలుకలు తిరుగుతున్నాయనీ ఆదివారం ప్రసాదం దగ్గర మాటల్లో వస్తూనే ఉంటుంది. మేము తోటపనిలో పండితులం కాము. కంప్యూటర్ల ముందు కూర్చుని బతికేవాళ్లం. కానీ ఒక తప్పు చేసి నేర్చుకున్నాం. అది ముందు చెబుతాం.

మేమిద్దరం వెంబ్లీలో వాలు మీద ఇల్లు కొనుక్కున్న మరుసటి ఏడాది 2022. ఆ జూలై 19న హీత్రూలో 40.2 డిగ్రీల ఎండ కాసింది. మా పెరట్లో పచ్చిక అంతా గోధుమరంగుకు తిరిగింది. తర్వాతి వసంతంలో పచ్చిక కొంచెం, నాచు ఎక్కువ కనిపించాయి. ఒక శనివారం సాయంత్రం పచ్చిక ఎరువు, నాచు చంపే మందు తెచ్చి, పెట్టె మీద రాసిన కొలతకు రెట్టింపు చల్లేశాం. వాన పడుతుందని ఫోన్‌లో చూశాం కూడా. నీళ్లు పోసే పని తప్పిందనుకున్నాం.

రాత్రంతా వాన కురిసింది. సోమవారం పొద్దున మా దిగువ ఇంటి గుజరాతీ పెద్దావిడ తలుపు తట్టారు. మా పాప ఆవిడను 'బా' అని పిలుస్తుంది. ఆవిడ పెరట్లో చిన్న కొలను ఉంది. అందులో చేపలు వెల్లకిలా తేలుతున్నాయి. మా మందు వల్లేనా అని మేము అడగాల్సిన అవసరం లేకపోయింది. మా కంచె కింద నుంచి కొలను దాకా ఆవిడ వేయించుకున్న తెల్లటి బండల మీద తుప్పు రంగు చారలు ఉన్నాయి. నాచు మందులో ఉండే ఐరన్ సల్ఫేట్ బండ మీద పడితే అలాంటి మరకే వేస్తుంది. ఆవిడ కోప్పడలేదు. "పైన మీరున్నారు, కింద మేమున్నాం బేటా" అన్నారు. అంతే.

ఈ పాఠం మొత్తం ఆ మాటలోనే ఉంది. వాలు మీద, నీటి పక్కన ఉన్న పెరడు మన కంచె దగ్గర ఆగదు.

1. ముందు నీరు ఎటు పోతుందో చూడండి

వాన జోరుగా పడుతున్నప్పుడు గొడుగు వేసుకుని ఒక పది నిమిషాలు పెరట్లో నిలబడండి. పిల్లల్ని కూడా తీసుకెళ్లండి. పైకప్పు నీరు ఎక్కడ దిగుతోంది? పచ్చిక మీద ఎక్కడ నిలుస్తోంది? ఏ కంచె కింద నుంచి బయటికి పోతోంది? ఒక కాగితం మీద బాణం గుర్తులు వేయండి. తర్వాత చేసే ప్రతి పనికీ ఆ కాగితమే ఆధారం.

మన ప్రాంతంలో ఆ నీరు దూరం వెళుతుంది. వీల్డ్‌స్టోన్ బ్రూక్ అనే వాగు వెంబ్లీ మీదుగా వెళ్లి బ్రెంట్ నదిలో కలుస్తుంది. బ్రెంట్ నది బ్రెంట్‌ఫర్డ్ దగ్గర థేమ్స్‌లో కలుస్తుంది. మనం వెల్ష్ హార్ప్ అని పిలుచుకునే బ్రెంట్ రిజర్వాయర్ కూడా ఈ నదికి అడ్డుకట్ట వేసి 1830ల్లో కాలువలకు నీటి కోసం కట్టిందే. అక్కడి పక్షుల కోసం, నీటి మొక్కల కోసం 1950 నుంచి దానికి ప్రత్యేక శాస్త్రీయ ప్రాముఖ్యం ఉన్న స్థలంగా రక్షణ ఉంది. ఇక్కడ చాలా వీధుల్లో రోడ్డు పక్క జాలీలోకి పోయిన వాన నీరు శుద్ధి కేంద్రానికి వెళ్లదు. నేరుగా వాగులోకి వెళుతుంది.

మన ఊళ్ల గొలుసుకట్టు చెరువులు గుర్తున్నవారికి ఇది కొత్త సంగతి కాదు. పై చెరువు అలుగు పారితే ఆ నీరే కింది చెరువుకు చేరుతుంది. పైవాడు నీటిని ఎలా ఉంచితే కిందివాడికి అలాగే అందుతుంది.

2. కాలి కింద మట్టి: మన నల్లరేగడికి చుట్టం

వెంబ్లీ చుట్టుపక్కల భూమిలో ఎక్కువ భాగం 'లండన్ క్లే' అనే బంకమట్టి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోయి పగుళ్లు ఇస్తుంది. గుంటూరు, కర్నూలు నల్లరేగడి చూసినవారికి ఈ స్వభావం తెలిసిందే. చలికాలంలో నీరు లోపలికి ఇంకదు కాబట్టి వాలు మీద పైపైనే జారిపోతుంది. వేసవిలో పగుళ్లు పడితే గోడలకు కూడా బీటలు రావచ్చు.

దీనికి మెట్ట పొలాల్లో మన రైతులు చేసే పనే ఇక్కడా పనికొస్తుంది. వాళ్లు వాలుకు అడ్డంగా దున్నుతారు, అడ్డంగా గట్లు వేస్తారు. మేము పెరటి దిగువ భాగంలో, వాలుకు అడ్డంగా, జానెడు లోతున వెడల్పాటి కందకం తీసి, దాని దిగువ అంచున ఒక మీటరు వెడల్పున గడ్డిని కోయకుండా వదిలేశాం. పొదలు, పూల మొక్కలు పెట్టాం. నీరు అక్కడ ఆగి, మట్టిని వదిలి, మెల్లగా ఇంకుతోంది. ఇలాంటి కందకం ఏ ఇంటి పునాదికీ అయిదు మీటర్ల లోపు ఉండకూడదు. వాలు బాగా నిటారుగా ఉన్నా, మట్టిని ఆపే గోడ ఉన్నా ముందు ఇంజినీరును అడగండి.

ఇంటి ముందు కారు కోసం నేలంతా కాంక్రీటు చేయాలనుకునేవారికి ఒక మాట. 2008 అక్టోబరు 1 నుంచి ఇంగ్లండ్‌లో ముందు పెరట్లో 5 చదరపు మీటర్లకు మించి నీరు ఇంకని నేల వేసి, ఆ నీటిని రోడ్డు మీదికి వదలాలంటే ప్లానింగ్ అనుమతి కావాలి. కంకర, నీరు ఇంకే ఇటుకలు వేసినా, నీటిని మొక్కల పాదులోకి మళ్లించినా ఆ అనుమతి అక్కర్లేదు.

3. పచ్చిక: జబ్బు తెలిశాకే మందు

మా ఉద్యోగంలో ఒక నియమం ఉంది. తప్పు ఎక్కడుందో తెలియకుండా కోడ్ మారిస్తే రెండో తప్పు పుడుతుంది. పెరట్లో మేము ఆ నియమం మరిచిపోయాం.

ఇది కొత్త నియమం కూడా కాదు. సురపాలుడి పేరుతో ఉన్న 'వృక్షాయుర్వేదం' అనే సంస్కృత గ్రంథం చెట్ల జబ్బులను వాత, పిత్త, కఫ దోషాల వల్ల వచ్చేవనీ, పురుగుల వంటి బయటి కారణాల వల్ల వచ్చేవనీ విడదీసి, లక్షణాన్ని బట్టి చికిత్స చెబుతుంది. దాని రాతప్రతి మనకు దగ్గరలోనే, ఆక్స్‌ఫర్డ్‌లోని బాడ్లియన్ గ్రంథాలయంలో ఉంది. దాన్ని నళినీ సాధలే ఇంగ్లీషులోకి అనువదించగా 1996లో సికింద్రాబాదులోని ఏషియన్ అగ్రి హిస్టరీ ఫౌండేషన్ ప్రచురించింది. అందులోని చికిత్సలన్నీ ఇక్కడ చేయమని మేము అనడం లేదు. ముందు గుర్తుపట్టు, తర్వాత మందు వెయ్యి అన్న వరుస మాత్రం తీసుకుందాం.

పచ్చిక గోధుమరంగుకు తిరిగితే గుప్పెడు గడ్డి పట్టుకుని లాగండి.

గడ్డి గట్టిగా నేలను పట్టుకుని ఉంటే అది ఎండ దెబ్బ. ఏమీ చేయకండి. శరదృతువు వానలకు మామూలుగా అదే పచ్చబడుతుంది. వేసవిలో గడ్డిని అయిదు సెంటీమీటర్ల ఎత్తున ఉంచితే నేల త్వరగా ఎండదు.

గడ్డి చాపలా చుట్టుకుని పైకి వచ్చేస్తే వేళ్లను పురుగు తింటోంది. కాకులు, నక్కలు పచ్చికను పెకలిస్తున్నాయంటే అవీ ఈ పురుగుల కోసమే. మట్టి తవ్వి చూడండి. తెల్లగా, అర్ధచంద్రాకారంలో వంగి, గోధుమరంగు తలతో ఉంటే అది చేఫర్ పురుగు. మన వేరుశనగ రైతులు 'వేరుపురుగు' అనేది ఈ జాతినే. బూడిదరంగులో, కాళ్లు లేకుండా గొట్టంలా ఉంటే లెదర్‌జాకెట్, అంటే పొడుగుకాళ్ల ఈగ పిల్ల. రెండింటికీ వాటిని పట్టే కంటికి కనిపించని నులిపురుగులు ప్యాకెట్లలో దొరుకుతాయి. అవి ప్రాణంతో ఉంటాయి కాబట్టి ఫ్రిజ్‌లో పెట్టి, గడువు లోపలే వాడాలి. నేల వెచ్చదనం 12 డిగ్రీలకు తగ్గకూడదు, నేల తడిగా ఉండాలి. చేఫర్‌కు ఆగస్టు, సెప్టెంబరు నెలలు, లెదర్‌జాకెట్‌కు సెప్టెంబరు, అక్టోబరు మొదటి రోజులు అనుకూలం. ఒకదాని ప్యాకెట్ ఇంకోదానికి పనిచేయకపోవచ్చు. అందుకే ముందు తవ్వి చూడమనడం.

నాచు కనిపిస్తే అక్కడ నీడ, తడి, గట్టిపడిన నేల ఉన్నాయని అర్థం. మందుతో నల్లబడి పోతుంది గానీ కారణం పోకపోతే మళ్లీ వస్తుంది. సెప్టెంబరులో తోట ఫోర్కుతో పది సెంటీమీటర్ల లోతున, జానెడుకొక చోట గుచ్చి, నాచును రేకుతో గీకి తీసి, గడ్డి విత్తనం చల్లండి. వాలు మీద పనిచేసేటప్పుడు పైకీ కిందికీ కాకుండా అడ్డంగా నడిచి గడ్డి కోయండి. కాలు జారినా యంత్రం మీదికి రాదు.

ఎరువు వేయాల్సే వస్తే మూడు జాగ్రత్తలు: పెట్టె మీది కొలత దాటకూడదు, జోరువాన సూచన ఉన్న రోజున వేయకూడదు, దిగువ అంచున ఒకటి రెండు మీటర్లు వదిలేయాలి. నీటిలోకి చేరిన ఎరువు అక్కడ పచ్చటి పాచిని పెంచుతుంది. ఆ పాచి చచ్చి కుళ్లేటప్పుడు నీటిలోని ప్రాణవాయువు తగ్గిపోతుంది, చేపలు ఊపిరాడక పోతాయి.

4. చెట్లు: కొట్టేముందు అడగండి

బార్న్ హిల్ మీద చెట్లకు చరిత్ర ఉంది. 1790లలో హంఫ్రీ రెప్టన్ అనే తోటల రూపశిల్పి వెంబ్లీ పార్కు యజమాని రిచర్డ్ పేజ్ కోసం ఈ భూమికి రూపు దిద్దాడు. ఇక్కడి వీధుల్లో కొన్ని ఇప్పుడు సంరక్షణ ప్రాంతం కిందికి వస్తాయి. అలాంటి చోట మీ సొంత పెరట్లో చెట్టయినా, నేల నుంచి ఒకటిన్నర మీటరు ఎత్తున కాండం అడ్డుకొలత 75 మిల్లీమీటర్లు మించితే, కొమ్మలు కొట్టడానికైనా ఆరు వారాల ముందు కౌన్సిల్‌కు తెలపాలి. చెట్టుకు రక్షణ ఉత్తర్వు ఉంటే అనుమతి వచ్చేదాకా ముట్టుకోకూడదు. తెలియక కొట్టామన్నా జరిమానా తప్పకపోవచ్చు. బ్రెంట్ కౌన్సిల్‌ను అడిగితే మీ చెట్టు సంగతి చెబుతారు.

గోడకు బీట కనిపించగానే "చెట్టు తీసేయిద్దాం" అనడం మన ఇళ్లలో మామూలు. బంకమట్టిలో ఓక్, విల్లో, పాప్లర్ వంటివి నీరు ఎక్కువ పీల్చి నేలను కుంగదీయగలవు, నిజమే. కానీ ఏళ్లుగా పీల్చుతున్న చెట్టును ఒక్కసారి తీసేస్తే నేల మళ్లీ తడిసి ఉబ్బుతుంది, పునాదిని పైకి ఎత్తగలదు. వాలు మీద వేళ్లు మట్టిని పట్టుకుని కూడా ఉంటాయి. ముందు ఇంటి బీమావారికి చెప్పండి, ఇంజినీరుకు చూపించండి. మార్చి నుంచి ఆగస్టు దాకా గూళ్ల కాలం. గుడ్లో పిల్లలో ఉన్న గూటిని చెడగొట్టడం 1981 చట్టం ప్రకారం నేరం. కంచె మొక్కలు కత్తిరించే పని చలికాలంలో పెట్టుకోండి.

5. ఊరేగింపు పురుగు, వెదురులాంటి కలుపు

ఓక్ ప్రొసెషనరీ మాత్ అనే రెక్కలపురుగు పిల్లలు ఓక్ చెట్టు మీద ఒకదాని తోకకు ఒకటి తగిలి వరుసగా నడుస్తాయి. ఊరేగింపు అన్న అర్థంలోనే ఆ పేరు. 2006లో పశ్చిమ లండన్‌లో మొదట కనిపించి, ఇప్పుడు లండన్ అంతటా ఉంది. ఏప్రిల్ నుంచి జూలై దాకా జాగ్రత్త. కాండం మీద, కొమ్మల మీద తెల్లటి పట్టు గూళ్లు కడతాయి. ఆ గొంగళిపురుగుల సన్నటి నూగు చర్మానికి దురద, కంటికి మంట, గొంతుకు ఇబ్బంది తెస్తుంది. పాత గూళ్లలోనూ ఆ నూగు మిగిలి ఉంటుంది.

పిల్లలకు ఇది తప్పకుండా చెప్పండి: చూడొచ్చు, ముట్టుకోకూడదు. కర్రతో కదపకండి, గొట్టంతో నీళ్లు కొట్టకండి, మీరే మందు చల్లకండి. ఫోటో తీసి ఫారెస్ట్రీ కమిషన్ వారి 'ట్రీ అలర్ట్' ద్వారా తెలపండి. గూడు తీయడం శిక్షణ ఉన్నవారి పని. దద్దుర్లు వస్తే మందుల షాపులో అడగండి. ఊపిరి ఆడకపోతే ఆగకుండా 999కు ఫోన్ చేయండి.

నీటి ఒడ్డు వెంబడి ఇళ్లున్నవారు జపనీస్ నాట్‌వీడ్‌ను గుర్తుపట్టాలి. ఊదా చుక్కలున్న బోలు కాండం వెదురును తలపిస్తుంది, వేసవి చివర తెల్లటి పూలు పూస్తుంది. చిన్న వేరుముక్క నుంచి కూడా మళ్లీ మొలుస్తుంది. మీ నేలలో ఉండడం నేరం కాదు. దాన్ని బయట ప్రకృతిలోకి వ్యాపింపజేయడం నేరం. తవ్వి పచ్చ డబ్బాలో వేయకండి, వాగు ఒడ్డున పారేయకండి. ఇల్లు అమ్మేటప్పుడు దీని గురించి పత్రాల్లో అడుగుతారు కూడా. నీటి ఒడ్డున కలుపు మందు కొట్టాలంటే ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ సమ్మతి కావాలి.

నత్తలకు వేసే మెటాల్డిహైడ్ గుళికలను గ్రేట్ బ్రిటన్‌లో ఆరుబయట వాడడం 2022 మార్చి 31 తర్వాత నిషేధం. షెడ్డులో పాత డబ్బా ఉంటే చూడండి. ఊరి నుంచి సూట్‌కేసులో వచ్చిన పురుగుమందు పొట్లాలు కూడా మన ఇళ్లలో అక్కడక్కడా ఉన్నాయని మాకు తెలుసు. ఇక్కడ అనుమతి లేని మందును పెరట్లో వాడకూడదు. అవి సింకులో గానీ జాలీలో గానీ పోయకండి. ప్రమాదకరమైన చెత్తను ఎలా ఇవ్వాలో కౌన్సిల్‌ను అడిగి అలాగే ఇవ్వండి.

6. నిర్మాల్యం, ప్రసాదం, వినాయకుడు

పూజలో వాడిన పూలను పారే నీటిలో వేయాలని పెద్దలు చెప్పిన రోజుల్లో దండకు నూలు దారమే ఉండేది. ఇప్పుడు ప్లాస్టిక్ దారం, జరీ కాగితం, రంగు పూసలు ఉంటున్నాయి. వాటిని బ్రెంట్ నదిలో, వెల్ష్ హార్ప్‌లో వేయకండి. పూలు, తమలపాకులు, తులసి దళాలు దారం తీసి కంపోస్టులో వేయండి. ఎవరూ తొక్కని చోట, చెట్టు మొదట్లో ఆ ఎరువు వేస్తే నిర్మాల్యానికి గౌరవం తగ్గదు.

వండిన అన్నం, నూనె వత్తులు, కొబ్బరి ముక్కలు మాత్రం కంపోస్టులో వద్దు. పిట్టలకని పెరట్లో చల్లే పులిహోర రాత్రికి ఎలుకల విందు అవుతుంది. గింజలు పెట్టాలనిపిస్తే ఆ పూట తినేంతే గిన్నెలో పెట్టి, చీకటి పడకముందే తీసేయండి. వినాయక చవితికి రంగు లేని మట్టి విగ్రహం తెచ్చుకుంటే ఇంట్లోనే బకెట్టులో నిమజ్జనం చేసి, ఆ మట్టిని పెరటి మొక్కకు పోయవచ్చు. మేము రెండేళ్లుగా అలాగే చేస్తున్నాం. మా పాప ఆ మొక్కను 'గణేశుడి చెట్టు' అంటుంది.

7. ఏడాది పనులు ఒక చూపులో

ఉగాది నుంచి: గూళ్లు చూసుకోండి, ఓక్ చెట్టును దూరం నుంచి గమనించండి, గడ్డిని మరీ పొట్టిగా కోయకండి.
వేసవిలో: ఎండిన పచ్చికను వదిలేయండి. కొత్తగా నాటిన చెట్లకు మాత్రం వారానికోసారి నిండుగా నీళ్లు పోయండి.
వినాయక చవితి నుంచి దసరా దాకా: పురుగు ఉందేమో తవ్వి చూడటం, నులిపురుగులు వేయడం, నేల గుచ్చడం, విత్తనం చల్లడం.
దీపావళి తర్వాత: రాలిన ఆకులు జాలీలకు అడ్డం పడకుండా ఊడ్చి ఆకు ఎరువు చేయడం, చెట్లు నాటడం.
సంక్రాంతి సమయంలో: కంచె కత్తిరింపు, వానలో నీటి దారుల పటం మళ్లీ వేసుకోవడం.

8. ఇంట్లో కలిసి మాట్లాడుకోవడానికి

మన పెరట్లో పడిన వాన చివరికి ఎక్కడికి చేరుతుంది? పిల్లలు పటంలో వేలు పెట్టి చూపగలరా?
మన దిగువ ఇంటివారు ఎవరు? వారి పేరు మనకు తెలుసా?
షెడ్డులో ఉన్న మందుల్లో ఏది ఎందుకు కొన్నామో చెప్పగలమా?

పొద్దున లేచి నేల మీద కాలు పెట్టే ముందు భూదేవిని క్షమించమని అడగడం మనలో చాలామందికి బామ్మల నుంచి వచ్చిన అలవాటు. తొక్కినందుకే క్షమాపణ అడిగేవాళ్లం, విషం చల్లేముందు ఒక్క క్షణం ఆగి పెట్టె మీద రాసింది చదవలేమా?

బా కొలనులో మళ్లీ చేపలు వేశారు. కొత్త చేపల ఖర్చు మేము ఇస్తామంటే వద్దని, కందకం తవ్వే రోజున టీ చేసి పంపారు. ఆ తర్వాత రెండు చలికాలాలు గడిచాయి. మా నీరు ఆవిడ బండల మీదికి రాలేదు. పాత తుప్పు చారలు మాత్రం రుద్దినా పోలేదు. దీపావళికి మిఠాయి ఇవ్వడానికి వెళ్లినప్పుడల్లా వాటి మీదుగానే నడుస్తాం.